సింహాద్రి బావ పంపిన హీటరు

సింహాద్రి బావకి,

నువ్వు కులాసాగానే ఉంటావని నాకు తెలుసు. కూర్మన్నపాలెం క్వార్టర్సులో కరెంటు గోడలోంచి ఒత్తది. మా బోటులో బేటరీలోంచి ఒత్తది. ఇరవయ్యేళ్లు స్టీలు ప్లాంటులో కరెంటు పని సేసినోడివి, ఆ తేడా నీకు తెలీదనుకోలేదు.

సేపల వేటలో సలికి వణికిపోతన్నామని నువ్వు పంపిన చిన్న హీటరు కేబిన్‌లో పెట్టి, బేటరీకి తగిలించాం. దాంతోపాటు నువ్వు రాసిచ్చిన జాగర్తల కాగితం, మా బోటులో పనిసేసే గురువులు అందరికీ సదివి ఇనిపించాడు. పొడిగా ఉన్న సోట పెట్టమన్నావు. బోటులో ఆ సోటెక్కడుందో రాయలేదు. తడిబట్టలు దానిమీద ఆరెయ్యొద్దన్నావు, ఆరెయ్యలేదు. తక్కువ కరెంటుది, రాత్రంతా ఏసుంచినా భయం లేదన్నావు. ఏసుంచాం. లంగరేసి, ఇంజను ఆపేసి, ఎచ్చగా తొంగున్నాం.

తెల్లారి లేచేసరికి బేటరీ సచ్చిపోయుంది. ఇంజను స్టార్టవ్వదు, వైర్‌లెస్ పలకదు, లైటు ఎలగదు. సుట్టూ పొగమంచు. పోర్టుకొచ్చే ఓడ హారను అంతకంతకీ దగ్గిరికొత్తంది. గురువులు గంగమ్మకి మొక్కుతూ కూకున్నాడు. నాను హీటరు అట్టపెట్టె, నీ కాగితం కలిపి కర్రకి కట్టి, డీజిలు పోసి, అంటించి ఊపాను. పక్కనుంచి ఎల్తన్న మన రేవు బోటోల్లు ఆ మంట సూసి, తాడేసి లాక్కొచ్చారు.

రేవులో అన్ని బోట్లకీ హీటర్లు పంపుతానన్నావంట, మా అప్ప సెప్పింది. హీటర్లు వద్దు బావా. ఆ జాగర్తల కాగితాలే ఓ కట్ట పంపు. బాగా మండతన్నాయి.

నీ బావమరిది