పడవ కోటు

ఆదివారం, మధ్యాహ్నం
మేడ మీద కుట్టుగది

చిరంజీవి మరదలికి,

మీ వదిన ఆశీర్వదించి రాయించునది. అవును, రాయించునదే. చెప్పేది నేను, రాసేది మీ అన్నయ్య. నా చేతిలో సూది ఉంది, అది వదిలితే మళ్లీ ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలి. కాబట్టి అక్షరాలు గుండ్రంగా, బుద్ధిగా ఉంటే అది ఆయన గొప్ప. మాటల్లో కారం తగిలితే అది నాది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీ క్షేమం మాత్రం అడగను. అడిగితే కార్డు ముక్క మీద బాగానే ఉన్నానని గీకి పడేస్తావు. ఫోను చేస్తే ఎత్తవు. ఆపరేషనయ్యి గొంతు బొంగురుపోయిన దగ్గర్నుంచీ నీతో మాట్లాడాలంటే గోడతో మాట్లాడినట్టే ఉంది. అందుకే ఈ ఉత్తరం. ఉత్తరం చదవడానికి గొంతు అక్కర్లేదు కదా, ఇప్పుడేం వంక చెబుతావో చూస్తాను.

పార్సిల్లో కోటు ఉంది. ముందు ఉత్తరమంతా చదివి తర్వాత కోటు విప్పమని చెబుదామనుకున్నాను. నువ్వు వింటావా? ఈపాటికి విప్పేసే ఉంటావు. గుర్తుపట్టావా మరి? నీ డ్యూటీ కోటే. స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో ఊరందరికీ చెప్పినన్నాళ్లూ వేసుకున్న ముదురు నీలం కోటు. నిన్ను మైకు దగ్గర్నుంచి తీసి వెనక గదిలో టికెట్ల లెక్కలకి వేశారని, దాన్ని మా ఇంట్లో చింకిగుడ్డల మూటలో కుక్కేసి వెళ్లిపోయావు. అంత మంచి ఉన్నిగుడ్డని పారేయడానికి చేతులెలా వచ్చాయే నీకు? నేను పాతబట్టల్ని విప్పి కొత్తగా కుట్టి బతికే మనిషిని. నా కళ్ల ముందు అంత పని చేస్తావా?

కుట్లన్నీ విప్పాను. లోపలి పక్క బయటికి తిప్పాను, అటు రంగు వెలిసిపోలేదు. భుజాలు తగ్గించాను, నువ్వు చిక్కిపోయావని మీ అన్నయ్య చెప్పాడు. మెడకి ఎత్తు కాలరు పెట్టాను. గుండీ పెట్టుకుంటే మచ్చ కనబడదు, తీసేస్తే కనబడుతుంది. అది నీ ఇష్టం, నేను మాట్లాడను. కుడిపక్క జేబు చూశావా? పుస్తకం కొలతకి కుట్టాను. ఏ పుస్తకమో నీకు చెప్పాలా?

పసుపు దారం చూసి ముక్కు విరవకు. నీలం మీద పసుపేమిటి, వదినకి మతి పోయిందా అంటావు. ఇప్పుడదే ఫ్యాషనమ్మా! అతుకు దాచకూడదట, పదిమందికీ కనబడాలట. బట్టని పారేయకుండా బాగుచేసుకున్నామని గర్వంగా చెప్పుకోవాలట. కోటుని షాపులో తగిలించి ఉంచితే వచ్చినవాళ్లు వచ్చినట్టే ఆగిపోయారు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ తన పిల్లల స్వెట్టర్ల మోచేతులకి అచ్చం ఇలాగే కావాలని ఇచ్చి వెళ్లింది. నీ కోటు చూసి ఊరే మారిపోతోంది, నువ్వేమో తలుపేసుకుని కూర్చున్నావు.

మన పద్ధతి గుర్తుందా? ఆదివారం పొద్దున్నే ఆగి ఆగి వెళ్లే బండి ఎక్కడం, నువ్వు చదవడం, నేను కుట్టడం. పుస్తకం అయిపోయేసరికి బట్ట తయారైపోవాలి. ఏ పుస్తకం వింటూ కుట్టానో ఆ బట్టకి ఆ పేరే. మీ అన్నయ్య ఈ ఉత్తరం రాస్తూ వేసుకున్నది హంతకుడి చొక్కా. హంతకుడెవరో నువ్వు చదివిన క్షణాన నేను ఉలిక్కిపడి చేతిని జేబుకి కలిపి కుట్టేశాను చూడు, అదే. ఆ మడత ఇప్పటికీ ఉంది. పైన తీగ మీద ఆరుతున్నది దెయ్యం గౌను. పక్కింటామె ఒకసారి నా నోట ఆ పేరు విని మళ్లీ మా మేడ మెట్లెక్కలేదు.

నీ కోటేమో పడవ కోటు. ఆ లావుపాటి నవల సగంలో నీ గొంతు పట్టేసింది. దీపస్తంభం కాపలాదారు భార్య గాలివానలో పడవెక్కింది. అక్కడ ఆగిపోయాం. చిరిగిన ఈ కోటు చేతులు అప్పుడు బాగుచేస్తున్నాను, అయింది ఒక చెయ్యే. ఆవిడ ఒడ్డు చేరిందా, మునిగిందా? నాకింతవరకూ తెలీదు. నువ్వే చదువుకోవచ్చు కదా అనకు. కుట్టేవాళ్లు చదవకూడదు, మన పద్ధతి అది. రెండో చెయ్యి మాత్రం ఏ పుస్తకమూ వినకుండానే కుట్టాను. ఏం బాగుంటుంది చెప్పు? ఉప్పులేని కూర తిన్నట్టుంది.

పోయిన నెల మీ అన్నయ్యని వెంటేసుకుని బండెక్కాను. పుస్తకం ఆయన చేతికిచ్చాను. లెక్కల మాస్టారు కదా, పడవ ఊగిపోతున్నా సరే, కావున ఇది నిరూపించబడినది అన్నట్టు చదివాడు. నేను చెవులు మూసుకున్నాను. రెండో పేజీకి గురక. (ఇది రాయనన్నాడు. రాయకపోతే టీ పెట్టనన్నాను. రాశాడు.) ఆయన నిద్రలో, నేను బోర్డు చూసుకోక, ఒక స్టేషను ముందే దిగిపోయాం. బండి వెళ్లిపోయింది. మళ్లీ బండి సాయంత్రానికి గాని లేదు.

తిట్టుకుంటూ నడిచామా, వీధి చివర ఒక పెద్ద హాలు. లోపల జనం. మనకి అక్కర్లేని బట్ట ఇచ్చి, ఇంకొకరు ఇచ్చిన దాంట్లోంచి నచ్చింది తెచ్చుకోవచ్చట. డబ్బు మాటే లేదు. నా సంచిలో కుట్టడానికి తెచ్చుకున్న మీ అన్నయ్య గీతల చొక్కా ఉంది, అది ఇచ్చేశాను. గుట్టల్లో చేతులు పెట్టి తడిమి తడిమి ఎంత మంచి ఉన్ని లంగా పట్టాననుకున్నావు! ముసలి ఉన్ని, మెత్తగా, ఇంకా ప్రాణమున్నది. అవతల మీ అన్నయ్య ముఖం వెలిగించుకుని వచ్చాడు, నాకూ ఒక చొక్కా దొరికింది, అచ్చం నా ఒంటికి కొలిచి కుట్టినట్టుంది అంటూ. నేను కాలరు లోపల వేలు పెట్టి చూశాను. నా కుట్టే! తన చొక్కానే తను మెచ్చుకుని తెచ్చుకున్నాడు మహానుభావుడు. హాలంతా నవ్వింది. నువ్వుంటే ఎంత నవ్వేదానివో అనుకున్నాను. నవ్వడానికి గొంతు బాగుండాలా ఏం?

అసలు సంగతికి వస్తున్నాను. వచ్చే నెల మొదటి శనివారం ఆ బండికే వెళ్దాం. ఈసారి సగంలో వెనక్కి తిరగొద్దు. చివరి స్టేషను దాకా వెళ్దాం, అక్కడ సముద్రం ఉందని వినడమే గాని ఏనాడూ చూసిందిలేదు. రెండు రోజులు ఉండి వద్దాం. నా సంచిలో రెండు జతలు, నీ సంచిలో రెండు జతలు, నీ జేబులో పుస్తకం. నువ్వు చదవాలి. చదవనంటే ఒప్పుకోను.

నా గొంతు వింటే ఎదుటివాళ్లు ముఖం తిప్పుకుంటున్నారని అన్నయ్యతో అన్నావట. ఎవరే వాళ్లు? నాకు చూపించు, వాళ్ల సంగతి నేను చూస్తాను. ఒక మాట చెబుతాను విను. ఆ నవలలో కాపలాదారు గొంతు ఎలా ఉంటుందని రాశారు? ఉప్పుగాలికి బొంగురుపోయిన గొంతు అని కదా? నువ్వు అప్పట్లో దాన్ని తేనె పూసినట్టు చదువుతుంటే నాకు లోపల నవ్వొచ్చేది. ఇప్పుడు సరిగ్గా సరిపోతుంది. నిన్ను మైకు అని పిలవొద్దన్నావట కూడా. పిలుస్తాను. నువ్వు ఏ గొంతుతో మాట్లాడినా నాకు మైకువే.

ఇంకా బతిమాలించుకుంటావా? సరే, ఒక ఆశ పెడతాను. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ కిటికీ సీటు కోసం నీతో కొట్టుకుంటూనే ఉన్నాను. ఈసారి కిటికీ సీటు నీకే. పోనీ రానూపోనూ నీకే. ఇంతకన్నా ఏం ఇవ్వను?

శనివారం పొద్దున ప్లాట్‌ఫారం మీద ఉంటాను. కోటు వేసుకుని రా. నువ్వు రాకపోతే ఆ పడవలో ఆవిడ అక్కడే గాలివానలో ఉండిపోతుంది, ఆ పాపం నీదే.

ఇట్లు,
నీ మీద బోలెడు కోపంతో, అంతకన్నా ఎక్కువ బెంగతో,
మీ వదిన

తా.క. చెల్లీ, ఇది నేను. మీ వదిన చెప్పిందంతా మార్చకుండా రాసి ఒకసారి చదివి వినిపించాను. ఈ ముక్క మాత్రం తను చెప్పింది కాదు. తన ఎదురుగానే కూర్చుని రాస్తున్నాను. ఏం రాస్తున్నావని అడిగింది. కవరు మీద అడ్రసు అన్నాను. నమ్మింది. తనకి ఈ కాగితం కనబడదు.

చేతిలో సూది ఉందని నాతో రాయించలేదమ్మా. చూపు నడిమధ్య మసక కమ్ముకుంది, రెండు కళ్లకీ. అంచులు మిగిలాయి. మనిషి ఆకారం, చెట్టు, ఆకాశం తెలుస్తాయి. అక్షరాలు తెలియవు, రంగులు పొరబడుతుంది. కంట్లో సూదిమందు వేస్తున్నారు, ఇక్కడితో ఆగుతుందనే డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. స్టేషను బోర్డు చూసుకోలేదన్నది కదా, చూసింది. చదవలేకపోయింది. పసుపు దారం కూడా నీలమనుకునే ఎక్కించింది. కోటు మొత్తం వేళ్లతో తడుముకుంటూ కుట్టింది, అది పసుపని తనతో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. బ్యాంకావిడ వచ్చి ఈ పసుపు భలే ఉందన్నాక గాని తనకి తెలీదు. కుట్టు మీద వేలు రాసి, ఇప్పుడదే ఫ్యాషనండీ అన్నది. మర్నాడు పసుపు దారం ఉండలు ఇంకో అరడజను తెప్పించమంది.

నీతో చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. జాలితో వచ్చే తోడు తనకొద్దట, అది ఎలా ఉంటుందో నీకే బాగా తెలుసునట. చెల్లీ, ఆ పుస్తకం రోజూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. పేజీలు తిప్పుతుంది, అంతే. నా చదువు సంగతి విన్నావుగా. తనకి నీ

అయ్యో, పెన్ను లాక్కుంటోంది

మైకూ, నేనే. అక్షరాలు పెద్దవై ఒకదాని మీదొకటి ఎక్కుతుంటే సర్దుకుని చదువుకో. అడ్రసు రాయడానికి ఇంతసేపు పడుతుందా? ఏం రాశావో చదవమంటే టీ పెట్టుకొస్తానని లేచిపోయాడు. అంటే నిజమే రాశాడన్నమాట. పోనీలే. ఇక దాచేదేముంది, నాకు నీ గొంతు కావాలి. ఆ బొంగురుదే కావాలి. రా.

కిటికీ సీటు నీకన్నాను కదా, అది రద్దు. కనబడినన్నాళ్లూ అది నాదే.