అరకాలిన ఇటుక

1987 జనవరి 19

ఈ రోజు మా నీళ్ళ టెస్టింగ్ లేబ్‌కు మూడు దేశాల వాళ్ళు వచ్చారు. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక. సార్క్ పెట్టాక ఇరుగు పొరుగు దేశాల సైంటిస్టులు ఒకరి కష్టం ఒకరు చూడాలని టూర్ వేశారట. గురజాలలో చూడడానికి ఏముంది? ఫ్లోరైడ్ ఉంది. మా నీళ్ళలో.

వారం నుంచి మా ఇన్‌ఛార్జి రామబ్రహ్మం గారిది ఒకటే హడావుడి. గోడలకు సున్నం వేయించారు. నన్ను మాత్రం మూల నిలబడి, అడిగిన ట్యూబ్ అందించమన్నారు. నేను టెంపరరీ లేబ్ అసిస్టెంటుని. బి.ఎస్సీ కెమిస్ట్రీ చదివానని ఆయనకు గుర్తుండదు.

లంక నుంచి వచ్చినావిడ పేరు డాక్టర్ మాలిని ఎకనాయక. యూనివర్సిటీలో పాఠాలు చెబుతుందట. నలభై ఏళ్ళుంటాయి. రిజిస్టర్ తిరగేసి, ఈ రీడింగులు ఎవరు తీశారని అడిగింది. మా స్టాఫ్ అన్నారు సారు. ఆవిడ నా వేళ్ళ మీద టెస్ట్ మందు ఎర్ర మరకలు చూసి నా వైపు తిరిగింది. ఆ తర్వాత ప్రశ్నలన్నీ నన్నే అడిగింది. నా ఇంగ్లీషు మధ్యమధ్యలో తెగిపోయింది. ఆవిడ ఆగింది.

మధ్యాహ్నం మాచవరం అవతల కొత్తపాలెం తీసుకెళ్ళాం. అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ 4.2 పీపీఎం. ఒకటిన్నర దాటకూడదు. కుసుమ అనే ఆమె బోరు దగ్గర బిందె పెట్టుకుని ఉంది. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు. మోకాళ్ళు లోపలికి వంగాయి. పళ్ళ మీద గోధుమరంగు చారలు. (నా పళ్ళూ అంతే. ఫోటోల్లో నోరు తెరవను.) మాలిని గారు ఆ పిల్ల ముందు మట్టిలో కూర్చుని, తను నోరు తెరిచి చూపించి, పిల్ల చేత నోరు తెరిపించింది. మా అనురాధపురం వైపు ఏ స్కూలుకెళ్ళినా ఇవే పళ్ళు అంది నాతో.

కుసుమ నన్ను పక్కకు లాగింది.

"ఆ తల్లిది ఏ వూరమ్మా? మా వూరి పళ్ళని అట్టా గుర్తుపట్టింది!"

జనవరి 20

టీం వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మాలిని గారు టూర్ ప్రోగ్రాం కాగితం వెనక ఒక బొమ్మ గీసి ఇచ్చింది. కుండలో ఇటుక ముక్కలు, వాటి మీద నీళ్ళు. వాళ్ళ స్టూడెంట్లు చేసి చూశారట. కాల్చిన మట్టి ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుందట. మీ నీళ్ళతో, మీ ఇటుకతో చేసి నాకు రాయి అంది. అడ్రస్ ఇచ్చింది.

మందు కలిపి, మోటారు పెట్టి, పెద్ద ప్లాంటు కట్టాలని పదేళ్ళుగా ఫైళ్ళు నడుస్తున్నాయి. ఈవిడేమో ఇటుక అంటోంది.

ఫిబ్రవరి 8

ఆదివారం. లేబ్ తాళం నా దగ్గరే ఉంది. మా ఇంటి గోడకు మిగిలిన ఇటుకలు శనగగింజంత ముక్కలు కొట్టి, కడిగి, కొత్తపాలెం నీళ్ళలో వేసి పన్నెండు గంటలు ఉంచాను. టెస్ట్ చేశాను. మా మందు వేస్తే ఫ్లోరైడ్ లేని నీళ్ళు ఎర్రగా ఉంటాయి, ఉన్నవి పసుపుకు తిరుగుతాయి.

చక్కని పసుపు. 4.0.

ఫిబ్రవరి 15

మళ్ళీ చేశాను. ముక్కలు రెట్టింపు వేశాను. 3.9.

రామబ్రహ్మం గారు చూశారు. అరవై శాంపిల్స్ పెండింగ్ ఉంటే ఇదేం పని అన్నారు. ఇటుక గోడకు పనికొస్తుంది గానీ కుండకు కాదన్నారు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

ఫిబ్రవరి 16

మాలిని గారికి లెటర్ రాశాను. ఫెయిలయిందని దాచకుండా రాశాను.

మార్చి 27

జవాబు! ముప్పై తొమ్మిది రోజులకు వచ్చింది. నాలుగు పేజీలు. ఫెయిలయిన రీడింగులు పారెయ్యకు, అవి కూడా రీడింగులే అని మొదటి వాక్యం. మీ ఇటుక ఏ మట్టితో చేస్తారు? దేంతో కాలుస్తారు? ఎన్ని రోజులు? ఏ రంగు? నాకు తెలియనివి ఎన్ని అడిగిందో! చివర్లో, మీ ఇటుక నాకు పంపు, మా ఇటుక నీకు పంపుతాను అని ఉంది.

ఏప్రిల్ 2

పోస్టాఫీసుకు వెళ్ళాను. కస్టమ్స్ ఫారంలో 'వస్తువు' అన్నచోట ఇటుక ముక్కలు అని రాశాను. పోస్ట్‌మాస్టర్ గోపాలకృష్ణయ్య గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివారు. మళ్ళీ చదివారు.

"లంకకు ఇటుకలేందమ్మా? మళ్ళీ వారధి కడతన్నారా ఏంది?"

క్యూలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆయన సీలు గట్టిగా వేశారు. ఆ తాడు చాలదని తన సొంత తాడు తీసి ఇంకో చుట్టు కట్టారు.

జూన్ 15

లంక పార్సెల్ వచ్చింది. దారిలో ఎవరో విప్పి, చూసి, మళ్ళీ కట్టారు. పాపం ఏం దొరుకుతుందనుకున్నారో.

వాళ్ళ ఇటుక నారింజ రంగు. గోటితో గీస్తే పొడి రాలుతోంది. మా ఇటుకలు ఒకదానికొకటి కొడితే గంట మోగినట్టు మోగుతుంది. ఇంత నాసి ఇటుకతో వాళ్ళు ఇళ్ళెలా కడతారు అనుకున్నాను.

జూన్ 16

కొత్తపాలెం నీళ్ళు, లంక ఇటుక. పన్నెండు గంటలు.

1.3.

నమ్మలేదు. మూడుసార్లు చేశాను. 1.3, 1.4, 1.3. అన్నీ గులాబి రంగు. ట్యూబ్ కిటికీ దగ్గర పట్టుకుని నిలబడిపోయాను.

జూన్ 29

ఆవిడ లెటర్ కూడా వచ్చింది. మా ఇటుక వాళ్ళ నీళ్ళలోనూ ఏమీ చెయ్యలేదట. అంటే తప్పు పల్నాడు నీళ్ళది కాదు. ఇటుకది. రెండు దేశాల నీళ్ళూ, రెండు దేశాల ఇటుకలూ తారుమారు చేస్తే గానీ ఈ మాట తేలలేదు. ఒక్కదాన్నే చేసుంటే ఎప్పుడో మానేసేదాన్ని.

ఆవిడ అనుమానం: మీరు బాగా ఎక్కువగా కాలుస్తున్నారు.

జూలై 5

నాగూర్ వలి మామ ఇటుక బట్టీకి వెళ్ళాను. నాన్నకు దూరపు బంధువు. ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన ఇటుకతో కట్టినవే. నన్ను చూసి మేలు రకం తియ్యమని కూలీలకు కేకేశాడు. నాకు అన్నిటికంటే చెడ్డ ఇటుక కావాలన్నాను.

మామ ముఖం మారిపోయింది.

"ముప్పయ్యేళ్ళ నుంచి బట్టీ నడుపుతున్నా. పనికిరాని ఇటుక అడిగినదానివి నువ్వొక్కదానివేనే జరీనా!"

విషయం చెప్పాను. మామ లేచి బట్టీ అంచుకు తీసుకెళ్ళాడు. బయటి వరసలకు మంట సరిగ్గా అందదట. అవి అరకాలి మిగిలిపోతాయి. గుంటలు పూడ్చడానికి తీసుకుపోతారు. రంగు నారింజ. గోటితో గీశాను. పొడి రాలింది.

తీసుకుపో గానీ నా బట్టీవని ఎవరికీ చెప్పకన్నాడు.

జూలై 8

నాగూర్ వలి మామ అరకాలిన ఇటుక: 1.2. లంక ఇటుక కంటే మెరుగు!!

వెంటనే మాలిని గారికి రాశాను. లెటర్‌లో బట్టీ పేరు రాయలేదు. మాట ఇచ్చాను కదా.

జూలై 30

నిన్న కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు అయ్యాయని రేడియోలో చెప్పారు. మన సైన్యం అక్కడికి వెళుతోందట. అక్కడ ఊళ్ళల్లో గొడవలట.

సెప్టెంబర్ 11

లెటర్ లేదు.

అక్టోబర్ 20

లెటర్ లేదు. ఇంకోటి రాశాను. యూనివర్సిటీలు మూసేశారని పేపర్లో ఉంది. గోపాలకృష్ణయ్య గారు ఈసారి జోకు వెయ్యలేదు. "ఆమెకేం కాదులేమ్మా. చదువుకున్న మనిషి, ఏదో దారి చూసుకుంటది" అన్నారు. మన సైన్యం వాళ్ళ దేశంలో ఉన్నప్పుడు నా లెటర్ మీద స్టాంపు చూసి ఆవిడకేమనిపిస్తుందో.

నవంబర్ 15

ఆవిడ లేకుండానే మొదలుపెట్టాను. పాత లెటర్‌లో ఫిల్టర్ బొమ్మ ఉంది. పొడుగాటి సిమెంటు గొట్టం, నిండా ఇటుక ముక్కలు. నీళ్ళు కిందనుంచి ఎక్కి పైన కుళాయిలోంచి వస్తాయి. మొదటిది కుసుమ ఇంట్లో పెట్టాం.

కుసుమకు ఇప్పుడు అయిదో నెల.

కుళాయి తిప్పగానే ఎర్రటి నీళ్ళు. కుసుమ అత్త సీతారావమ్మ గారు చెంబు విసిరికొట్టారు. "కడుపుతో ఉన్న పిల్లకు ఇటుక నీళ్ళు పోస్తావా? కడుపులో గోడ లేపుతావా ఏంది?" అని వీధి వీధంతా వినిపించేట్టు అరిచారు. జనం మూగారు. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. ముక్కలన్నీ బయటికి తీసి కడగడం మొదలుపెట్టాను. కుసుమ వచ్చి పక్కన కూర్చుని తనూ కడిగింది. ఏడుసార్లు కడిగితే నీళ్ళు తేటపడ్డాయి. వాళ్ళ ముందే రెండు గ్లాసులు తాగాను. సీతారావమ్మ గారు నేను పడిపోతానేమోనని కాసేపు చూశారు.

తర్వాత ఆమే ఒక గ్లాసు తాగారు. కోడలి కంటే ముందు తను తాగి చూడాలట.

రాత్రి, నీళ్ళు నిలిచాక టెస్ట్: 1.2.

1988 ఫిబ్రవరి 6

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

కుసుమ ఫిల్టర్ నీళ్ళు ఈ రోజు టెస్ట్ చేశాను. 2.9.

ఇటుక పట్టుకోగలిగినంత పట్టుకుంది. నిండిపోయింది. ఇక పట్టదు. ఎప్పుడు నిండిందో నాకు తెలియదు. మూడు వారాలుగా పెండింగ్ శాంపిల్స్ పేరు చెప్పి కొత్తపాలెం వెళ్ళలేదు. మొదట్లో వారం వారం వెళ్ళాను. మంచి నంబరు వస్తోందని ధీమా వచ్చింది. కుసుమకు ఎనిమిదో నెల. నన్ను నమ్మి తాగింది.

కుసుమకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె బిందె తోముతూ విన్నది.

"ముందు నాలుగు తాగాం గదా. ఇప్పుడు మూడు. దానికి ఏడుపెందుకు? ఇటుక మార్చమ్మా."

ఫిబ్రవరి 7

పొద్దున్నే బట్టీకి వెళ్ళాను. చెప్పకముందే నాగూర్ వలి మామ ఒక పక్కన అరకాలిన ఇటుకలు వరసగా పేర్చి ఉంచాడు. వాటి మీద గోనెపట్టా. ఇవి ఎవరికీ అమ్మొద్దని కూలీలకు చెప్పాడట. "ఈసారి మంట తగ్గించి, కావాలనే ఒక విడత కాల్చి చూశా. దీని మీద నా పేరు ఏసుకో, పర్లేదు" అన్నాడు.

ఇటుకలు మార్చాం. రాత్రికి 1.1. ఇక ప్రతి ఆదివారం కొత్తపాలెం. జ్వరమొచ్చినా సరే.

మార్చి 12

కుసుమకు ఆడపిల్ల. సీతారావమ్మ గారే కబురు పంపారు.

ఏప్రిల్ 18

ఢాకా నుంచి కవరు. బంగ్లాదేశ్‌లో నాకెవరున్నారని విప్పాను. లోపల మాలిని గారి చేతిరాత!

యూనివర్సిటీ మూసేశారు. టపా సరిగ్గా నడవడం లేదు. అక్కడికొచ్చిన ఢాకా డాక్టర్ గారి చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపిందట. కిందటేడు మా లేబ్‌కు వచ్చినాయనే. ఆవిడ ట్యూబులూ మందులూ మూట కట్టుకుని అమ్మగారి ఊరు వెళ్ళిపోయింది. వంటింట్లో లేబ్ పెట్టింది. ఇరుగుపొరుగు పదకొండు కుటుంబాలకు ఫిల్టర్లు పెట్టింది. నేను జూలైలో రాసిన లెటర్ నవంబర్‌లో చేరిందట.

మీరూ ఫిల్టర్ పెట్టారేమో, మావి డెబ్బయి అయిదు రోజులకు నిండుతున్నాయి, జాగ్రత్త అని రాసింది. ఆ లైన్ మూడు నెలల ముందు చేరి ఉంటే! అదే సమయంలో ఆవిడా ఒక ఇంటి గుమ్మంలో తల దించుకుని నిలబడిందట. రాసింది. దాచలేదు.

ఇంకో కాగితం ఉంది. టేబుల్. ఒక కాలమ్ అనురాధపురం. ఇంకో కాలమ్ పల్నాడు. నా ఫెయిలయిన 4.0, 3.9 కూడా అందులో ఉన్నాయి. పైన రెండు పేర్లు. ఎం. ఎకనాయక. జరీనా.

నా పేరు ఇంగ్లీషులో టైపు చేసి ఉండగా చూడడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 19

టేబుల్ రామబ్రహ్మం గారి ముందు పెట్టాను. ఆయన వేలు పెట్టి లైన్ లైన్ చదివారు. ఈ లేబ్ పేరు ఎక్కడుంది అని అడిగారు. లేదన్నాను. లేబ్ పేరు వెయ్యాలంటే లేబ్ ఈ పని చేసి ఉండాలి కదా అన్నారు, నాతో కాదు, తనతోనే అన్నట్టు. తర్వాత డ్రాయర్ తీసి ఆర్డర్ రాశారు. కొత్తపాలెంలో ఇంకో ఇరవై ఫిల్టర్లు. వారానికి రెండు రోజులు నాకు ఫీల్డ్ డ్యూటీ. పెండింగ్ శాంపిల్స్ ఎవరు చేస్తారని అడిగాను. నేనింకా టెస్ట్ చెయ్యడం మర్చిపోలేదమ్మా అన్నారు.

జూన్ 3

ఫిల్టర్ నంబరు పదిహేడు పెట్టాం. ఢాకా డాక్టర్ గారు తమ ఊరి ఇటుక పంపుతున్నారట. గోపాలకృష్ణయ్య గారికి ముందే చెప్పి ఉంచాను.

సెప్టెంబర్ 25

కుసుమ చిన్న పాపకు కింద రెండు పళ్ళు. తెల్లగా ఉన్నాయి. సంబరపడొద్దు. పాలపళ్ళలో చారలు పెద్దగా కనిపించవు. అసలు సంగతి తేల్చేవి ఏడో ఏట వచ్చే పళ్ళు.

అంటే 1995.

మాలిని గారికి రాశాను. 1995 మార్చి 12, పాపకు ఏడేళ్ళు నిండే రోజు, ఆదివారం, పొద్దున పది గంటలకు, కొత్తపాలెం. రావాలి.