పుర్రచేతి పీత

పెద్దబాబూ, దీవెనలు. నేనూ నీ కూతురూ కులాసాగా ఉన్నాం, బెంగ వద్దు.

"పీతల్ని చూడటం ఒక ఉద్యోగమా? మాన్పించి వెంటబెట్టుకు రా" అని నన్ను పంపావు. ఆ ఉద్యోగమేమిటో చూద్దామని నిన్న అది పనిచేసే మ్యూజియానికి వెళ్లాను. ఖాళీ నత్తగుల్లల్లో కాపురముండే సన్యాసి పీతలను కుటుంబాలవారీగా విడదీయడం దాని పని. "ఇంటి కోసం కొట్టుకు చచ్చేది సన్యాసేమిటే?" అంటే నవ్వింది.

ముందరి రెండు పట్టుకారు డెక్కల్లో ఏది పెద్దదో చూసి కుటుంబం తేలుస్తారట. అచ్చుకు వెళ్లబోయే ఒక ఫోటోలో కుడి డెక్క పెద్దదిగా కనిపిస్తే, వాళ్ల పెద్దసారు కుడి కుటుంబంలో రాసేశారు. నీ కూతురు ఊరుకోలేదు. "ఫోటో అద్దంలో బొమ్మలా తిరగబడిందండీ. గుల్ల మెలిక ఎడమకు ఉంది చూడండి. ఈ రకం గుల్లలు కుడికే తిరుగుతాయి. ఇది నాలాగే పుర్రచేతిది!" అంది. సీసాలోని అసలు పీతను తెప్పించి చూస్తే ఎడమ డెక్కే పెద్దది! ఆయన దిద్దుకుని, "మామ్మగారూ, మీ మనవరాలిది డేగకన్ను" అన్నారు. "మా ఇంటి పిల్ల కదండీ" అన్నాను.

కుక్కరుకు కొత్త రబ్బరు వేయించావా? నీళ్ల ట్యాంకు మూత బిగించారా? కోడలిని మోకాలికి మందు రాయడం మానవద్దను. తిరుగు టిక్కెట్లలో ఒకటి రద్దు చేయించు, నేనొక్కదాన్నే వస్తాను.

దాన్ని కుడిచేత్తో రాయించాలని నువ్వు పడ్డ తంటాలు గుర్తున్నాయా? ఈ కార్డు మీది చిరునామా దానిచేత ఎడమచేత్తోనే రాయించాను. దస్తూరి చూసుకో. అందరికీ ఆశీస్సులు.

అమ్మ