అటక మీది సర్వర్

కాటన్‌పేట,
మంగళవారం

ప్రియమైన హేమంత్ అన్నకు,

ఫోన్ చేస్తే తీయవు కాబట్టి కాగితం పట్టుకున్నాను. ఉన్న ఊళ్లోనే బొమ్మసంద్రకు ఉత్తరమేమిటని నవ్వుకో, పరవాలేదు. చిక్కపేటలో మన బట్టల కొట్టు వద్దని నువ్వు ఫ్యాక్టరీలో చేరిన రోజు నుంచి నాన్న ఈ ఇంట్లో నీ పేరెత్తడం లేదు. నీ మంచం, బట్టలు ఎవరెవరికో ఇచ్చేశారు. నీదంటూ మిగిలింది అటక మీది సర్వర్ ఒక్కటే. జనం పారేసిన కంప్యూటర్ల ముక్కలు ఏరుకొచ్చి నువ్వు బిగించింది. ఇంటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

దాని కరెంటు వాడకం తగ్గించాలని చూశాను. ఎవరూ వాడనప్పుడు డిస్కులు నిద్రపోయేలా పెట్టాను. అక్కర్లేని ప్రోగ్రాములు ఆపేశాను. కాస్త తగ్గింది గానీ, ఫ్యాను మాత్రం రోజంతా హోరుమంటూనే ఉంది. "ఏమప్పా, పైన పిండిమర పెట్టినావా?" అంటున్నారు నాన్న. అందుకే ఆదివారం దాన్ని విప్పి పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను. ఫొటోలు చిన్న డిస్కులో వేసి నీకు పంపుతాను. నాకు కోపం లేదు. నిన్నెవరూ తలచుకోని ఇంట్లో నీ వస్తువుకు కాపలా కాయడం విసుగనిపించింది, అంతే.

నీ తమ్ముడు,
గిరిధర్


కాటన్‌పేట,
సోమవారం

అన్నా,

విప్పాను, మళ్లీ బిగించాను. మూత తీస్తే ప్రాసెసర్ మీది ఫ్యాను చుట్టూ ఎండిన బంతిపూల రేకులు, పసుపు, కుంకుమ పేరుకుపోయి ఉన్నాయి. పై కన్నాల్లోంచి పడ్డవే అన్నీ. గాలాడక లోపల వేడెక్కి, ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది. శుక్రవారం కొట్లో గల్లాపెట్టెకు పూజ చేశాక మిగిలిన పూలు నాన్న ఇంటికి తెస్తారు కదా. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అవి కనిపించవు. దేవుడి గూట్లోకే పోతున్నాయనుకున్నాను.

రేకులు చూపించి అడిగితే నాన్న మొహం తిప్పుకున్నారు. "కొట్లో అన్నిటికీ చేస్తాం గదప్పా. ఇది హేమంతు చేతి పని. పూజ లేకుండా ఎట్ల పెట్టుకునేది?" అన్నారు. ఆయన నోట నీ పేరు వినేసరికి నాకు ఏడుపొచ్చింది.

అంతా శుభ్రం చేశాను. వాడని గ్రాఫిక్స్ కార్డు తీసేసి, పాత పవర్ సప్లై బదులు చిన్నది పెట్టాను. కరెంటు సగానికి పడిపోయింది. ఫ్యాను చప్పుడే లేదు. పూలు పడితే మళ్లీ ఇదే కథ, ఇక పెట్టొద్దని నాన్నకు చెప్పాను.

"అట్లయితే పూలు పెట్టను లే. వాన్నే వచ్చి చూసుకోమని రాయి" అన్నారు.

రాశాను.

గిరి