మజ్జిగ మీద గీత

గుంటూరు,
6-10-85

అత్తయ్యకి రత్నం నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. హాస్టల్ సాంబారులో నిన్న ఒక వంకాయ ముక్క దొరికింది, కాబట్టి ఈ వారం మంచి వారమే.

నీతో ఒక పని పడింది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్సు ఆఖరి ఏడు గదా, ప్రాజెక్టు చెయ్యాలి. తోటివాళ్ళంతా లైబ్రరీలో పాత పుస్తకాల్లోంచి అంకెలు ఎత్తి రాసుకుంటున్నారు. నాకు బతికున్న అంకెలు కావాలి. పోయినసారి ఊరొచ్చినప్పుడు, పత్తికి మందు కొట్టి వచ్చినవాళ్ళు గట్ల మీద తల పట్టుకుని కూర్చోవడం చూశాను. ఎంతమందికి ఇలా అవుతుంది, ఎక్కువసార్లు కొడితే ఎక్కువ అవుతుందా అని అడిగితే అందరూ "అదంతా మామూలేలే" అన్నారు. ఆ మామూలు ఎంతో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఇందులో గడులు గీసిన కాగితాలు పెట్టాను. ఇల్లిల్లూ తిరిగి, గడిచిన నెలరోజుల్లో ఎన్నిసార్లు మందు కొట్టారు, ఎన్నిసార్లు కళ్ళు తిరిగాయి, ఆ రోజుల్లో ఏం తిన్నారు, ఏం తాగారు, ఇవి రాసి పంపు. ఒక్కో మనిషికి గ్రాఫు కాగితం మీద ఒక్కో చుక్క పెడతాను. చుక్కలన్నీ ఒక వైపుకి వాలితే మధ్యలోంచి గీత గీస్తాను. ఆ గీత ఎటు పోతోందో చూడడమే నా చదువంతా.

నీ మేనకోడలు
శేషారత్నం

తా.క. మనుషులు చెప్పింది చెప్పినట్టు రాయాలి, మన అభిప్రాయం కలపకూడదని మా కామేశ్వరి మేడం గట్టిగా చెప్పారు. నీకిది కష్టమని నాకు తెలుసు.


వేములవారిపాలెం,
17-10-85

చిరంజీవి రత్నానికి మేనత్త వెంకటరావమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. గేదె ఒక్కటే రోజుకొకరి మీద అలుగుతోంది.

నీ కాగితాలు పట్టుకుని ఊరంతా తిరిగాను. ఓట్ల లిస్టేమో అనుకుని ఇద్దరు వాళ్ళ కోడళ్ళ పేర్లు కూడా చేర్పించుకున్నారు. కళ్ళు తిరుగుతాయా అని బసవమ్మనడిగితే, "మందుకి తిరగవు గానీ మా కోడలు నోరు తెరిస్తే తిరుగుతాయి, ఆ గడి ఎక్కడుంది?" అంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నావు కాబట్టి రాసేశాను. అల్లాబక్షు కూలికి మందు కొడతాడు గదా, తిరగని రోజులు చెప్పడమే తేలికన్నాడు.

ఏం తాగారంటే మాత్రం ఊరంతా ఒకటే మాట. వెంకటరావమ్మగారింటి మజ్జిగ. నిజమే, చేలకి పోయే దారి మన వాకిలి ముందునుంచే గదా. మందు కొట్టి వచ్చినవాళ్ళు మన బోరింగు దగ్గర సబ్బేసి ఒళ్ళు తోముకుని, ఉతికిన చొక్కా వేసుకుని వస్తే ఒక గ్లాసు పోస్తాను. ఒళ్ళు తోముకోనివాడికి పొయ్యను. కళ్ళు తిరుగుతున్నాయన్నవాడికి ఇంకో రెండు ఎక్కువ పోస్తాను.

ఆశీస్సులతో
అత్తయ్య

తా.క. మీ మామయ్య పేరు కూడా రాశాను. ఆయన మందు కొట్టడు, కళ్ళు తిరగవు, మజ్జిగ మాత్రం రోజుకి పది గ్లాసులు. ఆయన చుక్క ఎక్కడ పెడతావో చూస్తాను.


గుంటూరు,
24-10-85

అత్తయ్యకి నమస్కారాలు.

నీ కాగితాలు బంగారం. ముందుగా మందు కొట్టిన సార్లకీ కళ్ళు తిరగడానికీ గీత గీశాను. పైకే పోయింది గానీ చుక్కలు చెదిరిపోయి ఉన్నాయి. తర్వాత ఊరికే, ఏమవుతుందో చూద్దామని, మజ్జిగ గ్లాసులకీ కళ్ళు తిరగడానికీ గీశాను. ఏం చెప్పను అత్తయ్యా, మద్రాసు రోడ్డులా తిన్నగా వచ్చింది. గ్లాసులు పెరిగేకొద్దీ కళ్ళు తిరగడం పెరుగుతోంది. మేడం నాచేత బోర్డు మీద గీయించి క్లాసందరికీ చూపించారు. మామయ్య చుక్క మాత్రం గీతకి దూరంగా, కాగితం మూలన ఒంటరిగా పడుకుని ఉంది, అచ్చం నులకమంచం మీద మామయ్యలాగే.

నీ
రత్నం

తా.క. దీనర్థం మజ్జిగ వల్ల కళ్ళు తిరుగుతున్నాయని కాదు సుమా. ఇన్‌లాండ్‌లో చోటు చాలక ఈ అంటించే రెక్క మీద రాస్తున్నాను.


వేములవారిపాలెం,
2-11-85

గుంటూరు గీతలవారికి, మజ్జిగ నేరం మోస్తున్న వెంకటరావమ్మ రాసేది.

నాకు రాయడం వచ్చు గానీ నీ కోడిగీతల రాత చదవడం రాదు. అందుకని పక్కింటి అంకమ్మరావు చేత చదివించుకున్నాను. వాడికి చిన్నగా చదవడం రాదు. వాకిట్లో ఏడెనిమిది మంది గ్లాసులు పట్టుకుని ఉన్నారు. "గ్లాసులు పెరిగేకొద్దీ కళ్ళు తిరగడం పెరుగుతోంది" అనేసరికి ఎవరి గ్లాసు వంక వాళ్ళు చూసుకున్నారు. యలమందయ్య నోట్లో ఉన్నది మింగాలా ఉమ్మాలా తెలియక అలాగే బుగ్గలో పెట్టుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు అల్లాబక్షు పెళ్ళాం జైనాబీ వచ్చి, "అమ్మా, మా ఆయనకి ఇక పొయ్యబాకండి, ఏమీ అనుకోబాకండి" అంది. అనుకోక ఏం చేస్తాను? నేను కాపరానికొచ్చినప్పటి నుంచీ నా చేతి మజ్జిగ వద్దన్నవాడు ఈ ఊళ్ళో లేడు. ఇప్పుడందరూ చేలోంచి అటే సోడాకొట్టుకి పోతున్నారు. చిలికిన మజ్జిగంతా కుడితిలో పోస్తున్నాను. గేదె ఇచ్చింది గేదే తాగుతోంది. తాగే దిక్కు లేనప్పుడు గేదెందుకు, అమ్మేద్దామంటున్నాడు మీ మామయ్య.

ఆశీస్సులు ఈసారి లేవు.
వెంకటరావమ్మ

తా.క. నీ తాజాకలం బంకకి అంటుకుని చిరిగింది. "దీనర్థం మజ్జిగ వల్ల కళ్ళు తిరుగుతున్నాయని" అనేవరకే మిగిలింది. ఇంకా ఏముంటుందిలే, అర్థమైపోయింది గదా అన్నాడు అంకమ్మరావు.

మళ్ళీ తా.క. మనిషికే కళ్ళు తిరిగితే పైరుకి పట్టిన తెల్లదోమకి తిరగవా అని యలమందయ్య మన ఇంటి మజ్జిగ రెండు బిందెలు పట్టుకుపోయి పత్తి మీద కొట్టాడు.


గుంటూరు,
7-11-85

అత్తయ్యా, కాళ్ళకి మొక్కుతున్నాను.

చిరిగిన ముక్కలో "కాదు సుమా" అని ఉంది. ఇంత పెద్ద మాట పోయిందేమిటి నా ఖర్మ. గొడుగులు ఎక్కువ కనిపించిన రోజునే వీధిలో బురద ఎక్కువ ఉంటుంది, అంతమాత్రాన గొడుగులు బురద తెచ్చాయంటామా? మందు ఎక్కువ కొట్టినవాడే నీ దగ్గరికి ఎక్కువసార్లు వస్తాడు. కళ్ళు తిరుగుతున్నవాడికి నువ్వే ఇంకో రెండు ఎక్కువ పోస్తావు. ఆ రెండు గ్లాసులే నా గీతని నిటారుగా నిలబెట్టాయి. ఈ మాట నేను గీయకముందే ఆలోచించాల్సింది.

ఈసారి అచ్చక్షరాల్లో రాశాను. అంకమ్మరావు చేతికివ్వకు. సోడా తాగుతున్న ఈ రోజుల్లో ఎవరికెన్నిసార్లు తిరుగుతున్నాయో మళ్ళీ అడిగి పంపు. గేదెని అమ్మొద్దు.

రత్నం

తా.క. పత్తి మీద మజ్జిగ కొట్టాక దోమ ఏమైంది? నవ్వడానికి కాదు, నిజంగానే అడుగుతున్నాను.


వేములవారిపాలెం,
20-11-85

చిరంజీవి రత్నానికి దీవెనలు. పాత బాకీతో కలిపి రెట్టింపు.

నీ గొడుగు మాట వినిపించేలోపే ఊరు ఇంకో మాట తేల్చుకుంది. మజ్జిగ మానిన దగ్గర నుంచీ కళ్ళు తిరగడం తగ్గలేదు సరిగదా, ఎక్కువైంది. అంకమ్మరావైతే మిరపతోటలో మందు డబ్బా వీపున ఉండగానే బోర్లాపడ్డాడు. ట్రాక్టరు మీద చిలకలూరిపేట ఆసుపత్రికి తీసుకుపోయారు. రెండు రోజులు వాళ్ళావిడ ఏడుపు వినలేకపోయాం. గండం గడిచి ఇంటికొచ్చి మొదట అడిగింది నా మజ్జిగే. అంతే, మజ్జిగ విరుగుడని ఊరంతా గుప్పుమంది.

ఇప్పుడు తెల్లారకముందే క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు. మందు కొట్టేముందు ఒక చెంబు, మధ్యలో ఒక చెంబు. మన ఇంటిదాకా రావడం ఆలస్యమని చేలోకే పట్టుకుపోయి అక్కడే తాగుతున్నారు. నేను కాలు మీద కాలేసుకుని కూర్చుని, సోడాకొట్టువాడి వంక చూస్తున్నాను.

కానీ ఒకటి చెప్పవే. నిన్న అల్లాబక్షు మూడు చెంబులు తాగి కూడా గట్టు మీద పడిపోయాడు. జైనాబీ ఖాళీ చెంబు తెచ్చి నా ముందు పెట్టి, నా వంక చూసింది. ఆ చూపు తట్టుకోలేకపోతున్నాను. దానికి తోడు గేదె పాలు సగానికి సగం ఎగబెట్టింది. క్యాన్లకి నేనెక్కడ తేను? దాన్ని ఇచ్చేసి రెండు పాడిగేదెల్ని తేవాలని మామయ్య పట్టు. వచ్చే వారం బేరగాడు వస్తున్నాడు.

అత్తయ్య

తా.క. మజ్జిగ విరుగుడని తేలినప్పటి నుంచీ, తను కొట్టిన రెండు బిందెలకీ దోమ ఆరోగ్యం కుదుటపడిందని యలమందయ్య ఏడుస్తున్నాడు.


గుంటూరు,
23-11-85

అత్తయ్యకి, ఆదరాబాదరాగా.

నువ్వు పోసినప్పుడు కొంత ఉంది, ఆపితే పెరిగింది, మళ్ళీ పోస్తే తగ్గలేదు. అంటే నేరమూ మజ్జిగది కాదు, పుణ్యమూ మజ్జిగది కాదు. మునుపు మజ్జిగతోపాటు ఇంకేదో జరిగేది, ఇప్పుడది జరగడం లేదు. నీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. ఒళ్ళు తోముకోనివాడికి పొయ్యనని రాశావు. అది నేను గడిలో ఎక్కించనే లేదు.

సోడాకొట్టు దగ్గర బోరింగు ఉందా? చేలో సబ్బు ఉందా? మందు చొక్కాతోనే, మందు చేతులతోనే తాగుతున్నారు గదా? మేడంకి చెబితే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మీ అత్తయ్యకి ఇంత తెలివైన రూలు ఎవరు చెప్పారు, డాక్టరా, పేపరా అని అడుగుతున్నారు. నాకూ తెలుసుకోవాలని ఉంది.

అల్లాబక్షుని ముందు బోరింగు కిందకి తోలు. మిగతాది తర్వాత.

రత్నం

తా.క. బేరగాడు వస్తే నేనొచ్చేదాకా ఆగమను.


వేములవారిపాలెం,
8-12-85

చిరంజీవి రత్నానికి మేనత్త దీవించి రాసేది. అందరం క్షేమం, బేరగాడు తప్ప.

మీ మేడం నన్ను తెలివైనదాన్నన్నారని చదివి, ఒప్పేసుకుందామనే అనుకున్నాను. కానీ చెప్పింది చెప్పినట్టు రాయాలన్నావు. నాకు ఏ డాక్టరూ చెప్పలేదే. గేదె చెప్పింది. మందు వాసనతో ఎవరు వాకిట్లో అడుగుపెట్టినా ఆ పూట అది పాలు చేపదు. ముక్కులెగరేసి, పాలు పితికే నన్ను తంతుంది. పాలు లేకపోతే మజ్జిగేది? అందుకని బోరింగు దగ్గర సబ్బు పెట్టించాను. మనుషుల ఒళ్ళు బాగుండాలని కాదు, గేదె మనసు బాగుండాలని. ఈ క్యాన్లవాళ్ళు మందు చొక్కాలతో వచ్చి నిలబడితే పాలు ఎందుకు ఎగబెట్టిందో నీ ఉత్తరం చదివాకే వెలిగింది.

బేరగాడు తన మిరపతోటకి మందు కొట్టి, అటునుంచి అటే వచ్చాడు. "మంచి లక్షణంగల గేదె" అంటూ వెనకనుంచి వీపు నిమిరాడు. మరుక్షణం కుడితి గోలెంలో ఉన్నాడు. మీ మామయ్య నులకమంచం మీద నుంచి లేవడం ఈ ఏడాదిలో అదే మొదటిసారి. ఆ గోలెం దగ్గరే బేరం ముగిసింది.

ఇప్పుడు గేదెని వాకిలి పక్కనే కట్టేశాం. మందు కొట్టినవాళ్ళెవరైనా దాని ముందునుంచే రావాలి. అది తల విదిలిస్తే మళ్ళీ బోరింగు దగ్గరికే. అంకమ్మరావు రెండుసార్లు వెనక్కి పోయాడు. అల్లాబక్షుని జైనాబీ తనే పీచు పెట్టి తోమి తీసుకొస్తోంది. కళ్ళు తిరగడం పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. గట్ల మీద తలలు పట్టుకున్నవాళ్ళు ఒకరో ఇద్దరో. అంకెలు ఇందులో పెట్టాను. మజ్జిగ గ్లాసులు ఎన్నున్నాయో అన్నే ఉన్నాయి. నువ్వు గీత గీసుకో, నాకు గీయకుండానే కనిపిస్తోంది.

ఆశీస్సులతో
అత్తయ్య

తా.క. వచ్చేసారి కాగితాల్లో "ఏం తాగారు" అనే గడి పక్కన "గేదె తన్నిందా" అనే గడి కూడా గీసి పంపు.