ఇద్దరత్తల్లో పెద్దత్త

పెద్దత్తయ్యకు,

నమస్కారాలు. నేను మన వంశవృక్షం తయారుచేసే పనిలో పడ్డానని మీకు తెలుసు కదా. తాతయ్య దాకా సాఫీగానే సాగింది. మీ దగ్గరికి వచ్చేసరికి చిక్కు పడింది.

జననాలు నమోదుచేసే కార్యాలయంలో తాతయ్య కూతుళ్ళవి రెండు నమోదులు దొరికాయి. అప్పట్లో పేరు పెట్టకముందే రాయించేవారట. రెండుచోట్లా 'ఆడపిల్ల' అనే ఉంది. పేర్లు తర్వాత పక్కన చేర్చారు. వాటిని బట్టి చూస్తే ముందు పుట్టింది చిన్నత్తయ్య, ఏడాది తర్వాత పుట్టింది మీరు. గుమాస్తా పేర్లు తారుమారు చేసి ఉంటాడని నా అనుమానం. మీకేమైనా గుర్తుందా?

మీ మేనల్లుడు

తా.క. మీరు పుట్టిన సంగతి మీకు గుర్తుండదని ఇప్పుడే తట్టింది. రాసిన కాగితం పారేయడం ఇష్టంలేక పంపుతున్నాను.

*

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. పొద్దుపోకపోతే పెళ్ళి చేసుకో, నా వయసు జోలికి రాకు. నేను పెద్దదాన్ని కాకపోతే ఈ కుట్టుకొట్టు నడుపుతున్నది ఎవరు? కొలతలు తీసేది నేను, కత్తెర పట్టేది నేను, చొక్కా బిగుతైందని వచ్చినవాడి నోరు మూయించేది నేను. మీ చిన్నత్త కిటికీ పక్కన కూర్చుని రేడియో వింటూ కాజాలు కుట్టుకుంటుంది. మాలో పెద్ద ఎవరో తేల్చడానికి ఒక కార్యాలయం కావాలా?

నీ పెద్దత్త, ఏ అనుమానమూ లేకుండా

తా.క. నీ ఉత్తరం తనకి చదివి వినిపించాను. వింటూనే ఒకాయన చొక్కా జేబుకి వరసగా కాజాలు కుట్టేసింది. ఆయనకి జవాబు చెప్పుకోలేక చస్తున్నాను.

*

పెద్దత్తయ్యకు (అలవాటుకొద్దీ),

నమస్కారాలు. మళ్ళీ వెళ్ళి చూశాను. గుమాస్తా తప్పేమీ లేదు. మొదటి బిడ్డ పుట్టిందని వచ్చి చెప్పింది మీ అమ్మమ్మగారు. పుట్టినచోటు కూడా ఆవిడ ఇల్లే. రెండో బిడ్డ మీ ఇంట్లోనే పుట్టింది. అమ్మమ్మగారి దగ్గర పెరిగి, బడి వయసుకి మీ ఇంటికొచ్చింది చిన్నత్తయ్యే అని నాన్న అంటున్నారు. ఇక నేనేం చెప్పను?

మీ మేనల్లుడు, భయంతో

తా.క. ఈ లెక్కన మీరు ఆవిణ్ణి అక్కా అని పిలవాలి. ఇది నా మాట కాదు, వృక్షం మాట.

*

చిరంజీవి,

ఆశీస్సులు. కూర్చుని ఆలోచించాను. నా చిన్నప్పుడు అమ్మమ్మ ఒక రేకుపెట్టెనీ ఒక పిల్లనీ మా ఇంట్లో దింపి వెళ్ళింది. అక్కచెల్లెళ్ళు కొట్టుకోకుండా ఉండండని అమ్మ చెప్పింది కానీ, ఎవరు అక్కో చెప్పలేదు. నేను తనకంటే జానెడు పొడుగున్నాను. దాంతో నేనే అక్కనని అందరూ ఒప్పేసుకున్నారు.

నేను న్యాయం తప్పే మనిషిని కాను. కత్తెర, టేపు, కొట్టు తాళాలు తన ముందు పెట్టి, "తీసుకో అక్కా" అన్నాను. తను వంటింట్లోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆనందం పట్టలేకే అయ్యుంటుంది. బతిమాలి బయటికి రప్పించి బల్ల దగ్గర నిలబెట్టాను. లాయరుగారి కోటు కత్తిరిస్తే మూడు చేతులొచ్చాయి. నేను నోరెత్తలేదు, చిన్నదాన్ని కదా.

నీ చిన్నత్త, కొత్తగా

తా.క. బోర్డు మీద తన పేరు పైన, నా పేరు కింద రాయించాలని పెయింటర్ని పిలిచాను. తను నిచ్చెన దాచేసింది. ఎంత వినయమో చూడు.

*

ఒరే మేనల్లుడా,

ఆశీస్సులు తర్వాత, ముందు ఇది చదువు. రాస్తున్నది కాజాలు కుట్టే చిన్నత్త. మొన్న ఆ పేరుతో సంతకం పెట్టింది మీ పెద్దత్త.

నేనే పెద్దదాన్నని నాకు పదేళ్ళప్పుడే తెలుసు. మాటల మధ్య అమ్మే చెప్పేసింది. ఎగురుకుంటూ చెల్లెలికి చెబుదామని వెళ్ళాను. నేను పగలగొట్టిన కూజాకి అక్కడ తను తిట్లు తింటోంది. "పెద్దదానివి, చూసుకోవద్దా?" అంటున్నారు నాన్న. నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను.

అప్పట్నుంచి హాయిగా చిన్నదానిలా బతుకుతున్నాను. కొలత తప్పినా, కోటు చెడినా నన్ను అడిగినవాడు లేడు. నీ వృక్షం వచ్చి నా కొంప ముంచింది. నా బాధ అలా ఉంచు. మీ పెద్దత్త నా కిటికీ దగ్గర కూర్చుని, బల్ల వైపు చూస్తూ, ఉత్త వేళ్ళు కత్తెరలా ఆడిస్తోంది. నేను చూడలేకపోతున్నాను. దానికి పెద్దరికమంటే ప్రాణం. నాకు నా చెల్లెలంటే ప్రాణం.

కాబట్టి తప్పు కార్యాలయానిదేననీ, పైఅధికారులు కూడా ఒప్పుకున్నారనీ దానికి వెంటనే ఉత్తరం రాయి. అబద్ధం రాయడం చేతకాకపోతే చెప్పు, నేను రాసి పంపుతాను, నువ్వు సంతకం పెట్టు.

నీ చిన్నత్త, ఎప్పటికీ

తా.క. నువ్వూ మీ చెల్లెలూ కవలలుగా పుట్టినప్పుడు, ఆ కార్యాలయానికి వెళ్ళి మీ ఇద్దరి పుట్టుక రాయించి వచ్చింది నేనే. ఆ పేజీ మాత్రం తియ్యకు. పాపం, నీకు అన్నయ్యా అని పిలిపించుకోవడం అలవాటైపోయింది.