చప్పటి గ్లాసు

గన్నవరం,
ఆదివారం సాయంత్రం.

అక్కా,

నీ తమ్ముడు రమణ నమస్కారాలు. నేనిక్కడ బాగున్నాను. ప్రతిసారీ రాసే మాటే కదా అనుకోకు, ఈసారి నిజంగానే బాగున్నాను. ఎంత బాగున్నానో కింద రాస్తాను. ముందు మీ సంగతి చెప్పు. అమ్మ కాళ్ళ మంటలు తగ్గాయా? సూది మోతాదు మళ్ళీ పెంచారని బావ చెప్పాడు. చప్పటి కాఫీ, సంగటి, ఆకుకూర, ఇంత కట్టుదిట్టంగా పెడుతున్నా షుగర్ ఎందుకు దిగడం లేదో డాక్టరుకే అంతుపట్టడం లేదన్నావు. నాయన దగ్గు ఎలా ఉంది? సాయంత్రం కాఫీ ఇప్పుడు నాయనే కలిపి అమ్మకి ఇస్తున్నాడట, నీకో పని తగ్గింది.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరం ఏందిరా అని ముక్కు మీద వేలేసుకుంటావని తెలుసు. నీకు ఫోన్ చేస్తే ఎత్తిన వెంటనే స్పీకర్ నొక్కుతావు. అమ్మ, నాయన, బావ, చివరికి పాలు పోసే ఆమె కూడా నా క్షేమసమాచారం వినేసి పోతుంది. ఇది అలా వినిపించే సంగతి కాదు. ఒక్కదానివే కూర్చుని చదువు. ఏం రాశాడని నాయన అడిగితే, రాగిపిండి పంపమన్నాడని చెప్పు. అందులో అబద్ధమేమీ లేదు, పంపాలి. ఇక్కడ మూడు పూటలా అన్నమే. సంగటి ముఖం చూసి ఎన్నాళ్ళయిందో.

ఉద్యోగం మామూలే. విమానం దిగినవాళ్ళ పెట్టెలు బెల్టు మీదికి, ఎక్కేవాళ్ళ పెట్టెలు విమానంలోకి. సూపర్వైజర్ అయినప్పటి నుంచి నేను మోసేది తక్కువ, మోయించేది ఎక్కువ. నిలబడి కేకలు వేయడానికి కూడా జీతం ఇస్తారని ఇక్కడికొచ్చాకే తెలిసింది. నా పొట్ట కూడా అప్పుడే మొదలైంది. ఎండ సంగతైతే చెప్పక్కర్లేదు, మన మదనపల్లె ఎండ ఇక్కడివాళ్ళకి చల్లగాలి. స్నానం చేసి తువ్వాలు ఆరేసేలోపు మళ్ళీ చెమటతో తడిసిపోతాను. మనుషులు మాత్రం మర్యాదస్తులు, తిట్టినా చివర అండీ చేర్చి తిడతారు. మొన్న ఒక ఆటో అతను "కళ్ళు కనపడట్లేదా అండీ" అన్నాడు. తిట్టాడా పలకరించాడా అని నేను తేల్చుకునేలోపు వెళ్ళిపోయాడు.

నేనుండే పై వాటా సువార్తమ్మ గారిదని చెప్పాను కదా. నేను మామ్మగారు అంటాను. పుట్టిల్లు కంకిపాడు, పెళ్ళయ్యాక గన్నవరం వచ్చారు. భర్త పోయారు, కూతురు పామర్రులో కాపురం ఉంది. ఆదివారం చర్చి, మిగతా రోజులు నా మీద పెత్తనం. నేను గేటు తీసిన చప్పుడుకే ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఏదో ఒకటి గ్లాసులో పోసుకుని వస్తారు. వద్దంటే ఊరుకోరు.

ఇక అసలు సంగతి. చలికాలంలో కంపెనీ వాళ్ళు అందరికీ రక్తపరీక్షలు చేయించారు. డాక్టరు నా రిపోర్టు చూసి, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడిగాడు. అమ్మకి ఉందండీ అన్నాను. "నువ్వు గీత మీద ఉన్నావు. పొట్ట తగ్గించు, తీపి మానెయ్, మూడు నెలలాగి మళ్ళీ రా. అప్పటికీ ఇలాగే ఉంటే మాత్రలు మొదలుపెడదాం" అన్నాడు. నాకు అమ్మ కాలివేలు తీసేసిన రోజు గుర్తొచ్చింది. ఆసుపత్రి వరండాలో నువ్వు గోడకి ఆనుకుని నిలబడి ఏడుపు ఆపుకోవడం గుర్తొచ్చింది. నీకు చెబితే అన్నీ వదిలేసి బస్సెక్కమంటావు. ఎక్కితే ఈ ఉద్యోగం మళ్ళీ రాదు. అందుకే చెప్పలేదక్కా. నువ్వు ఇది చదివి తిట్టుకుంటావు, తిట్టుకో. భయం మాత్రం రోజూ నా వెంటే తిరిగింది.

నా జబ్బుకి మూలం నాకు తెలుసు. డ్యూటీ దిగగానే చల్లటి కూల్ డ్రింక్ పడకపోతే నాకు ప్రాణం కుదుటపడదు. దాని బదులు డైటుది తాగమని, అందులో పంచదార ఉండదని కుర్రాళ్ళు చెప్పారు. పెద్ద సీసాలు కొనుక్కొచ్చాను. నా గదిలో ఫ్రిజ్ లేదు కాబట్టి మామ్మగారి ఫ్రిజ్‌లో పెట్టాను. సీసా మూతికి నోరు పెట్టి తాగడం ఆవిడకి గిట్టదు. నేను రాగానే ఆవిడే లోపలికి వెళ్ళి పెద్ద స్టీలు గ్లాసులో పోసి తెచ్చేవారు. భోజనమయ్యాక ఇంకో గ్లాసు. సెలవు రోజైతే మధ్యాహ్నం కూడా.

అక్కా, దాని రుచి ఏమని చెప్పను. పంచదార లేకుండా అంత తీపి ఎలా తెచ్చారా అని ఆశ్చర్యపోయాను. నాతో పనిచేసే ప్రసాద్ కూడా అదే తాగుతాడు. "నోట్లో ఏదో చేదు మిగిలిపోతుందండీ, మీరెలా ఇష్టపడుతున్నారో" అనేవాడు. నీ నాలుకే బాగాలేదు, డాక్టరుకి చూపించుకో అని నేను వాడికి సలహా ఇచ్చాను. పైగా సున్నా పంచదార తాగుతున్నాను కదా, ఇంక ఒక ప్లేటు పునుగులు తింటే ఏమవుతుంది అనుకునేవాణ్ణి. సెంటర్లో జోసెఫ్ గారి బండి ఉంది. అల్లం పచ్చడి వేసి ఇస్తాడు. పునుగులు ఒక ప్లేటుతో ఆగేవి కావని నీకు వేరే చెప్పాలా.

మూడు నెలలయ్యాక వెళితే బరువు పెరిగింది, షుగర్ కూడా పెరిగింది. డాక్టరు కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. తీపి మానేశానండీ అన్నాను. "నువ్వు మానేశానంటున్నావు, నీ రక్తం మానలేదంటోంది" అన్నాడు. చివరిగా ఇంకొంత గడువిచ్చాడు. ఆ వారం నేను ఫోన్లో మీ అందరితో నవ్వుతూ మాట్లాడింది ఉత్తదే. టీ మానేశాను, పండు ముట్టుకోలేదు, పాపం ఆ డైటు గ్లాసు ఒక్కటే నాకు మిగిలిన సుఖం అనుకున్నాను. అమ్మ రక్తమే నాకూ వచ్చింది, ఇంక నేనేం చేసినా తప్పదు అనుకున్నాను.

ఒకరోజు డ్యూటీకి పరిగెత్తుతూ ఖాళీ గ్లాసు పిట్టగోడ మీద మరిచిపోయాను. తిరిగొచ్చేసరికి దాని చుట్టూ చీమలు. గ్లాసు లోపల చీమలు, గోడ మీద చీమల బారు. క్యాంటీన్లో ప్రసాద్ డైటుది ఎన్నిసార్లు బల్ల మీద ఒలకబోశాడో లెక్కలేదు, ఒక్క చీమ కూడా అటు తొంగిచూడలేదు. నేను ఆ గ్లాసులోని చీమలు దులిపాను. తర్వాత చప్పుడు చేయకుండా కిందికి దిగి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

మామ్మగారు నా గ్లాసు సిద్ధం చేస్తున్నారు. ముందు ఫ్రిజ్‌లోంచి ఒక చిన్న గాజు సీసా తీశారు. అందులో పంచదార పాకం. గ్లాసు అడుగున పోసి, దాని మీద నా డైటుది నెమ్మదిగా, పొంగకుండా పోసి, గరిటె కాడతో తిప్పుతున్నారు. చాలా రోజుల అలవాటు ఉన్న చెయ్యి అది.

"మామ్మగారూ, అదేంటండీ" అన్నాను.

ఆవిడ తడబడలేదు. "మొదటి రోజే రుచి చూశాను బాబూ. అబ్బే, నోట్లో పెట్టుకునేలా లేదు. పంచదార వేస్తే పొంగి గట్టంతా పాడైంది. అందుకని పాకం కాచి పెట్టుకున్నాను. మా ఇంట్లో చప్పటి గ్లాసు ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు. ఆఖరికి కరెంటు బిల్లు అబ్బాయికి కూడా ఇవ్వలేదు."

ఇది ఈ ఊళ్ళవాళ్ళ పట్టింపు అక్కా. ఇంటికొచ్చిన మనిషికి తీపి తగ్గించి ఇస్తే, ఆ ఇంటిని జనం పిసినారి ఇల్లు అంటారని వాళ్ళ భయం.

"అది పంచదార లేదనే తాగుతున్నానండీ. నాకు షుగర్ వచ్చేలా ఉందన్నారు" అన్నాను.

"మరి నాకు చెప్పావా?"

చెప్పలేదు. నీకూ చెప్పలేదు, ఆవిడకీ చెప్పలేదు. నిజం చెబుతున్నాను, నాకు కోపం రాలేదు. ప్రాణం లేచొచ్చింది. ఆ షుగర్ నా రక్తంలో పుట్టింది కాదు, ఆ చిన్న సీసాలోంచి వచ్చింది. అక్కడే గుమ్మంలో కూర్చుని నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. మామ్మగారికి మాత్రం అప్పుడు అర్థమైంది. పాకం సీసా నా చేతికిచ్చి "పారబోసెయ్ బాబూ" అన్నారు. ఆవిడ చెయ్యి వణుకుతోంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం ఆవిడ చర్చిలో లేచి నిలబడి, మా పై వాటా బాబుకి షుగర్ రాకూడదని అందరూ ప్రార్థన చెయ్యమని అడిగారట. పేరుతో సహా చెప్పారు. ఆ సాయంత్రం జోసెఫ్ గారి బండి దగ్గరికి వెళితే, నన్ను చూసి గరిటె పక్కన పెట్టేశాడు. "మీ గురించి పొద్దున మోకాళ్ళ మీద ప్రార్థన చేశామండీ. మీరే వచ్చి పునుగులు అడిగితే ఎలాగండీ" అన్నాడు. స్వీటు షాపులో ఉండే ఆవిడ కూడా అదే చర్చి. టీకొట్టు ఆయన చర్చికి వెళ్ళడు, అయినా ఆయనకి ఎవరో చెప్పారు. గన్నవరంలో నాకు నూనె, పంచదార అమ్మేవాడు లేకుండా పోయాడు. డైటు సీసా చెయ్యలేని పని ఆ ఒక్క ప్రార్థన చేసింది. సాయంత్రాలు తినడానికి ఏమీ దొరకక, ఏలూరు కాలువ గట్టు మీద నడవడం మొదలుపెట్టాను.

మొన్న గురువారం మళ్ళీ పరీక్ష చేయించాను. బరువు తగ్గింది, షుగర్ గీత కిందికి దిగింది. మాత్రలు అక్కర్లేదన్నాడు డాక్టరు. పాకం సంగతి చెబితే కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. తర్వాత చెప్పాడు, డైటుది తాగితే బరువు తగ్గుతారని కాదట, పంచదారది మానేస్తే తగ్గుతారట. అది తాగుతున్నానని ధైర్యంగా ఇంకేదో తింటే మళ్ళీ మొదటికొస్తుందట. అది నా ముఖం మీదే రాసుందనుకుంటా. ఇప్పుడు మామ్మగారు ఉప్పు, కరివేపాకు వేసి పలచటి మజ్జిగ ఇస్తున్నారు. ఇచ్చేటప్పుడు మొహం కొంచెం చిన్నబుచ్చుకుంటారు.

ఇవాళ నన్ను చర్చికి రమ్మన్నారు, వెళ్ళాను. చివరి బెంచీలో కూర్చున్నాను. ఆవిడ ముందుకెళ్ళి సాక్ష్యం చెప్పారు. దేవుడు బాబుని కాపాడాడు అని ఊరుకోవచ్చు కదా. "నా చేత్తోనే తీపి పోశాను. ప్రేమ అనుకున్నాను, అడగాలని నాకు తోచలేదు" అని అందరి ముందూ చెప్పారు. స్తోత్రం అన్నారు అందరూ.

అక్కడ కూర్చున్నప్పుడే నాకు మన ఇల్లు గుర్తొచ్చిందక్కా. సాయంత్రం కాఫీ తాగేటప్పుడు అమ్మ ముఖం వెలిగిపోతుందని నువ్వు ఫోన్లో చెప్పావు. పొద్దున నువ్విచ్చే చప్పటి కాఫీకి సగం గ్లాసు వదిలేసే అమ్మ, నాయన చేతి కాఫీ మాత్రం చుక్క మిగల్చదని చెప్పావు. ఇది స్పీకర్లో చెప్పలేకే ఇంత రాశాను. రేపు సాయంత్రం అమ్మ తాగేసిన గ్లాసు కడగొద్దు. గోడ పక్కన పెట్టి ఒక గంట చూడు. చీమలు పట్టకపోతే నన్ను మనసారా తిట్టి ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టెయ్.

పడితే మాత్రం నాయన్ని కోప్పడొద్దు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పు. పెంచిన సూది అలాగే ఉంచి తీపి ఒక్కసారిగా ఆపేస్తే అమ్మకి షుగర్ మరీ పడిపోతుందట, మా డాక్టర్ని అడిగాను. ఆ తర్వాత నాయన పక్కన కూర్చుని నిదానంగా చెప్పు. చప్పగా ఉన్నా సరే, సాయంత్రం కాఫీ నువ్వే కలపాలి నాయనా, అమ్మకి నీ చేతి కాఫీయే కావాలి అని చెప్పు. ఆ పని మాత్రం ఆయన దగ్గర నుంచి తీసుకోవద్దు. మామ్మగారి చెయ్యి వణికితేనే నేను చూడలేకపోయాను, నాయన చెయ్యి వణికితే నువ్వు తట్టుకోలేవు.

అమ్మకి, నాయనకి నా దండాలు చెప్పు. బావని అడిగానని చెప్పు. రాగిపిండి, కాస్త వేరుశనగ పొడి విజయవాడ బస్సులో వేసి పంపు. మామ్మగారికి సంగటి రుచి చూపిస్తానని మాటిచ్చాను, అందులో పంచదార ఎక్కడ వేస్తారో చూస్తాను. మీ అందరి దీవెనలతో ఇక్కడ నేను క్షేమం. చీమల సంగతి మాత్రం రాసి పంపు, ఫోన్ చెయ్యకు.

ఇట్లు,
నీ మాట వినని తమ్ముడు,
రమణ